సంక్రాంతికి కయోటీ పందెం పెడుతున్న మన డాలస్ మిత్రులకు

అన్నలకు, తమ్ముళ్లకు, అక్కచెల్లెళ్లకు,

మొన్న ఆదివారం మీ పోస్టరు చూశాను. పైన ముగ్గు, పక్కన గాలిపటం, మధ్యలో తల పైకెత్తి కూస్తున్న కయోటీ, అదే మన నక్కలాంటి అమెరికా అడవి జంతువు. "ఊళ్లో కోడిపందేలు, టెక్సస్‌లో కయోటీ పందెం" అని పెద్ద అక్షరాలు. శుక్రవారం చీకటి పడ్డాక మొదలు, ఆదివారం పొద్దున పది గంటలకు లెక్క. జట్టుకు నలుగురు, ప్రవేశం 100 డాలర్లు. ఎక్కువ కయోటీలను కొట్టిన, అంటే కాల్చి చంపిన, జట్టుకు సొమ్ములో ముప్పాతిక, అన్నిటికంటే బరువైన కయోటీకి మిగతాది. పదిహేనేళ్ల లోపు పిల్లలకు విడిగా ఒక కప్పు. ఆ తర్వాత నాటుకోడి పులుసు, గారెలు. చూడగానే నవ్వొచ్చింది. అలవాటుగా బొటనవేలు గుర్తు నొక్కేశాను. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, ఫోన్ వెతుక్కుని, ఆ బొటనవేలు తీసేశాను. పొద్దున్నే ఇద్దరు ఫోన్ చేసి "ఏమైంది అన్నా?" అని అడిగారు. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను.

మీలో సగం మందిని మొదటిసారి మెస్కీట్ ముళ్ల చెట్ల మధ్య కూర్చోబెట్టింది నేనే. కాబట్టి ఇది వేటంటే గిట్టని మనిషి ఉపన్యాసం అనుకోకండి. పద్నాలుగేళ్లుగా కయోటీలను అరుపులతో పిలుస్తున్నాను, కొడుతున్నాను. మా గరాజ్‌లో రెండు తోళ్లు వేలాడుతున్నాయి, మా ఆవిడ వాటిని చూసినప్పుడల్లా ముక్కు మూసుకుంటుంది. వేట మానమని అడగడం లేదు. పందెం మానమని అడుగుతున్నాను. నన్నూ పిలిచారు కాబట్టి నాది పిలవని పేరంటం కాదు, మాట్లాడే చనువు ఉందనుకుంటున్నాను.

మాది చిత్తూరు జిల్లాలో పలమనేరు వైపు. చిన్నప్పుడు మా ఊరి సంతకు నక్కలవాళ్లు వచ్చేవాళ్లు. పూసలు, సూదులు, పిన్నీసులు గుడ్డ మీద పరిచి అమ్మేవాళ్లు. వాళ్లలో ఒక పెద్దాయనకు మా తాతకు మాటలు కలిశాయి. వెనకటికి వాళ్లు నక్కల్ని ఎలా పట్టేవాళ్లో తాత మాకు చెప్పేవాడు. చీకట్లో వల పన్ని, ఒకడు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అచ్చం నక్కలాగే కూసేవాడట. గుట్ట మీద నక్కలు బదులిచ్చేవట. మళ్లీ కూత, మళ్లీ బదులు, ప్రతి బదులూ ఇంకాస్త దగ్గర నుంచి. తాత మాకోసం కూసి చూపించేవాడు గానీ ఆయన కూతకు మా కుక్క కూడా తల తిప్పలేదు. "అది కడుపు కోసం నేర్చుకున్న విద్యరా, నాకెట్లా వస్తుంది" అని నవ్వేవాడు. పెంచిన పిట్టను పెట్టి అడవి పిట్టల్ని, మచ్చిక చేసిన లేడిని పెట్టి లేళ్లను రప్పించడం కూడా మన దగ్గర పాత పద్ధతే. దానికి దీమం అని మాటే ఉంది.

కాబట్టి పిలిచి కొట్టడం మనకు అమెరికా నేర్పిందేమీ కాదు. ఇక్కడివాళ్లు దాన్ని సరుకు చేశారు, అంతే. 1950ల్లో మార్బుల్ ఫాల్స్‌లో బర్నమ్ సోదరులు నోటితో ఊదే పిలుపులు అమ్మారు, ఆ తర్వాత వేకోలో జానీ స్టువర్ట్ జంతువుల అసలు అరుపుల్నే రికార్డు చేసి అమ్మాడు. ఇప్పుడు అరచేతిలో పట్టే డబ్బాలో వందల అరుపులు. గాయపడ్డ చెవులపిల్లి, వలలో చిక్కిన పిట్ట, తప్పిపోయిన మేకపిల్ల, దెబ్బ తగిలిన కయోటీ పిల్ల. రిమోట్ మీద ఏది నొక్కితే అది ఏడుస్తుంది.

నిన్న మొన్న చేరినవాళ్లకు డబ్బా కొంటే సగం పని అయిపోయినట్టు అనిపిస్తుంది. కష్టమంతా గాలితోనే. కయోటీ కళ్లను నమ్మదు, చెవులు చెప్పినదాన్ని ముక్కుతో సరిచూసుకుంటుంది. అరుపు విన్న చోటికి నేరుగా రాదు. చుట్టూ తిరిగి, గాలి అరుపు మీదుగా తన వైపు వీచే చోటికి చేరి, అక్కడ ఆగి వాసన పడుతుంది. అందుకే తెలిసినవాడు డబ్బాను యాభై గజాలు అవతల పెట్టి, తాను పక్కగా కూర్చుని, గాలి పోయే వైపు కళ్లు పెడతాడు. ట్రక్కు గుట్ట అవతల ఆపుతాడు. తలుపు విసిరి వేయడు, నడుముతో ఒత్తి మూస్తాడు. పదిహేను, ఇరవై నిమిషాలు దోమ కుట్టినా చెయ్యెత్తకుండా కూర్చుంటాడు. ఇరవైలో పద్దెనిమిదిసార్లు ఏదీ రాదు.

ఐదేళ్ల క్రితం డిసెంబర్లో మా పెద్దమ్మాయిని తీసుకెళ్లాను. దానికప్పుడు పన్నెండేళ్లు, హంటర్ ఎడ్యుకేషన్ (వేట భద్రత శిక్షణ) కార్డు వచ్చి నెల కాలేదు. బ్రౌన్‌వుడ్ దాటాక ఒక పెద్దాయన మేకల రాంచ్. తెల్లవారి ఎనిమిది కావస్తోంది. నాగజెముడు ఆకుల మీద మంచు తెల్లగా పేరుకుంది. ఇద్దరం సీడర్ చెట్టు నీడలో మొదలుకు వీపు ఆనించి కూర్చున్నాం. రైఫిల్ కర్రల మీద పెట్టి దాని భుజానికి ఆనించాను. చెవులపిల్లి అరుపు ముందు సన్నగా పెట్టాను, దగ్గర్లోనే ఏదైనా ఉంటే బెదరకూడదని. రెండు నిమిషాలు అరుపు, మూడు నిమిషాలు నిశ్శబ్దం. పదకొండో నిమిషంలో అమ్మాయి మోకాలు నా మోకాలికి తగిలింది. కుడివైపు, సరిగ్గా గాలి పోయే చోట, చిన్న మిట్ట మీద నిలబడి ఉంది. డెబ్బై గజాలు ఉంటుందేమో. నోట్లోంచి ఆవిరి వస్తోంది. ఒక చెవి కొస చిరిగి ఉంది. ముందరి కాలు ఒకటి ఎత్తి, కింద పెట్టాలా వద్దా అన్నట్టు అలాగే ఉంచింది.

నేను ఊపిరి బిగబట్టాను. తూటా పేలలేదు. కయోటీ ఆ కాలు కింద పెట్టి, వెనక్కి తిరిగి, మిట్ట దిగి వెళ్లిపోయింది. పరిగెత్తలేదు కూడా.

"భయమేసిందా అమ్మా?" అన్నాను.

"లేదు నాన్నా. దాని వెనక ఆకాశమే ఉంది."

మిట్ట అవతల ఏముందో అమ్మాయికి తెలియదు. నాకు తెలుసు: మేకల కొట్టం, దాని పక్కన పెద్దాయన కొడుకు ఉండే ట్రెయిలర్ ఇల్లు. .223 తూటా గురి తప్పితే రెండు మైళ్ల దాకా పోగలదు. నేను ఆ కయోటీని చూస్తున్నాను, అమ్మాయి దాని వెనక చూసింది. తిరుగు దారిలో డెయిరీ క్వీన్‌లో దానికి పెద్ద బ్లిజర్డ్ ఐస్‌క్రీమ్ కొనిపెట్టాను. మీ పోస్టరులో పిల్లల కప్పు చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ మిట్టే. గడియారం చూసుకుంటూ, పక్క జట్టు నాలుగు కొట్టిందని తెలిసి, నాన్న పక్కన ఆత్రపడుతుంటే, పన్నెండేళ్ల పిల్ల ఆ ఆకాశాన్ని చూసి ఆగుతుందా?

పిల్లల సంగతి ఎందుకు, పెద్దవాళ్లమే ఆగలేదు. ఇది ఇప్పటిదాకా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

మూడేళ్ల క్రితం ఫిబ్రవరి. అదే రాంచ్. మేకలు ఈనే కాలం, పెద్దాయనే పిలిచాడు, "రెండు పిల్లల్ని ఎత్తుకుపోయింది, చూడండి" అని. నలుగురం వెళ్లాం. మీలాగా పోస్టరు వేయలేదు గానీ మాలో మాకే చిన్న పందెం ఉంది: ఇద్దరిద్దరు జట్టు, ఓడినవాళ్లు స్టేక్ డిన్నర్ పెట్టాలి. రాత్రి పదకొండుకు అవతలి జట్టు నుంచి మెసేజ్ వచ్చింది, రెండు కొట్టామని. మాకు సున్నా. చెవులపిల్లి పెట్టాం, రాలేదు. కూతలు పెట్టాం, దూరంగా ఎక్కడో బదులిచ్చి ఊరుకున్నాయి. అప్పుడు నేను మేకపిల్ల ఏడుపు నొక్కాను.

ఒక్క నిమిషం కాలేదు. థర్మల్ స్కోప్‌లో తెల్లటి ఆకారం ఉత్తరం వైపు కంచె దగ్గర కనిపించి, మా వైపు బాణంలా రావడం మొదలైంది. స్కోప్ నా మిత్రుడి దగ్గర ఉంది, నా చేతిలో చిన్న థర్మల్ దుర్భిణి. థర్మల్‌లో రంగు తెలియదు, వేడి ఒక్కటే తెలుస్తుంది. కయోటీ అయినా, కుక్క అయినా, దూడ అయినా వెలిగే ఆకారమే. నడకను బట్టే పోల్చుకోవాలి. ఆ నడక కయోటీది కాదు. చుట్టూ తిరగలేదు, గాలి చూసుకోలేదు, ఒక్కచోట ఆగలేదు. పద్నాలుగేళ్లలో అలా వచ్చిన కయోటీని నేను చూడలేదు. అది నాకు తట్టాల్సింది. నాకు సున్నా గుర్తుంది, రెండు గుర్తుంది. "కొట్టు" అన్నాను.

టార్చి వేసుకుని వెళ్తే తెల్లటి బొచ్చు. మెడకు తోలు పట్టీ. గ్రేట్ పిరనీస్, పెద్దాయన మందకు కాపలా కుక్క. ఉత్తరం పాశ్చర్‌లో, అంటే మేత బీడులో, ఉందని ఆయన సాయంత్రమే చెప్పాడు, కంచె కింద సందు ఉన్న సంగతి ఎవరికీ తెలియదు.

పెద్దాయన పైజమా మీద బూట్లు వేసుకుని వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని ఆ పట్టీ విప్పడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు, చలికి వేళ్లు కదల్లేదో ఏమో. విప్పి జేబులో పెట్టుకున్నాడు. డబ్బాలో ఏం అరుపు పెట్టామని అడిగాడు. చెప్పాను. "తన పిల్లే అనుకుంది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. తర్వాత నేను చెక్కు పంపితే కవరు విప్పకుండా తిరిగొచ్చింది. ఆ వసంతంలో ఆ మందలో పదకొండు పిల్లలు పోయాయని పక్క రాంచ్ ఆయన చెప్పాడు. మేం సాయం చేయడానికి వెళ్లిన మంద అది.

తూటా వేసిన మిత్రుడు మీలోనే ఉన్నాడు, పేరు చెప్పను. తప్పు అతనిది కాదు, "కొట్టు" అన్నది నేను, ఆ అరుపు నొక్కింది నేను. అప్పటినుంచి నేను రాత్రి వేట మానేశాను. ఇది నా ఇష్టం, మిమ్మల్ని మానమనను. కానీ ఆ డబ్బా మీట నొక్కే ప్రతిసారీ ఒకటి గుర్తొస్తుంది. కంచె మీద కూర్చున్న పిట్ట తనంతట తాను కూర్చుంది. పిలుపుకు వచ్చింది మాత్రం మనం రమ్మంటే వచ్చింది. ఒకటి ఆకలితో వస్తుంది, ఒకటి పిల్ల ఏడుస్తోందని వస్తుంది, ఒకటి కాపలా డ్యూటీ అని వస్తుంది. ఏది వచ్చిందో చూసుకునే తీరిక పిలిచినవాడికి ఉండాలి. పందెంలో లేనిది ఆ తీరికే.

"టెక్సస్‌లో లీగలే కదా అన్నా" అంటారు. లీగలే. ఇక్కడ కయోటీకి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితి లేదు, ప్రైవేటు భూమిలో రాత్రయినా పగలైనా కొట్టవచ్చు. శాన్ ఏంజెలో వైపు పెద్ద పెద్ద బహుమతులతో ఏటా పందేలు జరుగుతూనే ఉన్నాయి. కాలిఫోర్నియా 2014లోనే ఇలాంటి పందేలకు బహుమతులు నిషేధించింది. తర్వాత వెర్మాంట్, న్యూమెక్సికో, అరిజోనా, కొలరాడో ఆపేశాయి, 2023లో ఒరెగాన్, న్యూయార్క్ కూడా. ఇవేమీ వేటంటే తెలియని రాష్ట్రాలు కావు. అరిజోనాలో, కొలరాడోలో ఈనాటికీ లైసెన్స్ తీసుకుని కయోటీని కొట్టుకోవచ్చు. లెక్క కట్టి బహుమతి ఇవ్వడాన్ని మాత్రమే తప్పన్నారు. ఇక కోడిపందెంతో పోలిక పెట్టారు గనుక చెప్తున్నా, అది అమెరికాలో యాభై రాష్ట్రాల్లోనూ నేరమే. పోస్టరులో ఆ మాట చూసి ఏ పోలీసాయనైనా ఆరా తీస్తే సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

"రైతులకు మేలు" అని పోస్టరులో చివరి లైన్. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ మాట నేనూ చాలాసార్లు అన్నాను.

కయోటీలు మేకల్ని, గొర్రెల్ని తింటాయి, అనుమానం లేదు. అమెరికాలో గొర్రెలు, మేకలు అన్నిటికంటే ఎక్కువ ఉన్నది టెక్సస్‌లోనే, ఆ రైతుల బాధ కట్టుకథ కాదు. ఒక్క ఫెడరల్ ప్రభుత్వ సిబ్బందే ఏటా యాభై, అరవై వేల కయోటీలను చంపుతున్నారు. వందేళ్లుగా విషం, ఉచ్చులు, విమానం మీంచి తుపాకులు, అన్నీ అయ్యాయి. ఫలితం? ఒకప్పుడు ఎక్కువగా పడమటి వైపుకే పరిమితమైన జంతువు ఇప్పుడు హవాయి తప్ప ప్రతి రాష్ట్రంలో ఉంది. 1975లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్క వేశారు: ఏటా నాలుగింట మూడు వంతులు చంపుతూ పోతే, అది కూడా యాభై ఏళ్ల పాటు, అప్పుడు గానీ కయోటీలు అంతరించవు. ఇరవై జట్లు ఒక వారాంతం తిరిగి నలభై కొడితే బ్రౌన్‌వుడ్ ఉన్న బ్రౌన్ కౌంటీకి తెలియను కూడా తెలియదు.

ఇంకో సంగతి. మందల మీద పడేవి ఎక్కువగా పిల్లలున్న జంటలు. ఆ జంట ఎక్కడ తిరుగుతుందో రైతుకు తెలుస్తుంది. అడుగులు చూస్తాడు, పెంట చూస్తాడు, చచ్చిన మేక గొంతు మీద పళ్ల గాట్లు చూస్తాడు. ఆయనకు కావాల్సింది ఆ జంట కోసం నాలుగు పొద్దులు ఓపికగా కూర్చునే ఒకరిద్దరు. మిగతా కయోటీలు ఎలుకలు, చెవులపిల్లులు, మెస్కీట్ కాయలు తింటూ తిరుగుతాయి. ఎండాకాలం పుచ్చతోటలో కూడా పడతాయి, మన దగ్గర నక్కలు పడ్డట్టే. గొడవ చేయని జంటను మీరు లెక్క కోసం కొట్టేస్తే ఆ చోటు ఖాళీగా ఉండదు. కొత్తవి వస్తాయి. వచ్చినవాటికి మేకల రుచి తెలుసో లేదో రైతుకు వచ్చే ఏడాది గానీ అర్థం కాదు. రైతు అడిగిన కయోటీని కొట్టడం వేరు, రైతు పేరు చెప్పి లెక్క పెంచుకోవడం వేరు.

"మన ఫ్రిస్కోలో మనుషుల్నే కరిచాయి" అని ఒక తమ్ముడు పోస్టరు కింద రాశాడు. నిజమే, డాలస్ పక్కనే ఉన్న ఆ ఊళ్లో 2018లో పొద్దున్నే జాగింగ్‌కు వెళ్లినవాళ్ల మీద పడ్డాయి. 2022 మేలో డాలస్‌లో రెండేళ్ల బాబును ఇంటి ముందే గాయపరిచింది, మనందరం హడలిపోయాం. ఆ చుట్టుపక్కల జనం ఆ కయోటీకి తిండి పెట్టి మచ్చిక చేశారని తర్వాత బయటపడింది. ఊళ్లో కయోటీ సమస్య చెత్తడబ్బా మూతలతో, వరండాలో వదిలేసిన పిల్లి గిన్నెలతో మొదలవుతుంది. రెండొందల మైళ్ల అవతల పాశ్చర్‌లో తిరిగేదానికీ దీనికీ సంబంధం లేదు.

సరే, ఇవన్నీ పక్కన పెట్టినా, జట్ల పేర్లు చూశాక టెన్షన్ పట్టుకున్న సంగతి ఒకటుంది. నాకు తెలిసినంతలో వాళ్లలో సగం మంది ఇంకా హెచ్‌1బీ మీదే ఉన్నారు, ఇద్దరు ముగ్గురు ఎఫ్‌1 పిల్లలు. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం, శిక్ష పదిహేనేళ్ల దాకా ఉంది. ముఖ్యమైన మినహాయింపు ఏమిటంటే, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువులో ఉన్న హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండాలి. "నాది కాదు, అన్నది, ఐదు నిమిషాలు పట్టుకున్నానంతే" అంటే కుదరదు. టెక్సస్ లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. పోయినేడు కొన్నాను కదా అని ఊరుకున్నవాళ్లు ఇవాళే తీసి చూసుకోండి. ఆరు నెలలకు పైగా ఇక్కడే ఉంటున్నవాళ్లకు 25 డాలర్లు. పాతికేళ్ల కష్టం, గ్రీన్ కార్డు లైను, పిల్లల చదువులు, ఇవన్నీ పాతిక డాలర్ల కాగితం దగ్గర తెగిపోకూడదు. నేను లాయర్‌ని కాను, మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌కు ఒక ఈమెయిల్ పెట్టండి.

ఇంకొన్ని చిన్నచిన్నవి, గబగబా చెప్పేస్తాను. 1971 సెప్టెంబర్ 2న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ హంటర్ ఎడ్యుకేషన్ ఉండాలి. మనలో దాదాపు అందరం ఆ లెక్కలోకే వస్తాం. చెట్ల మీద, స్తంభాల మీద నిలువుగా ఊదా రంగు గీత కనిపిస్తే అది అలంకారం కాదు, లోపలికి రావద్దని. పక్కవాడి అనుమతి లేకుండా తూటా పొలం హద్దు దాటితే అదొక నేరం. చచ్చిన కయోటీని ఉత్త చేతులతో ముట్టుకోకండి. 1988లో దక్షిణ టెక్సస్ కయోటీలలో రేబిస్ చెలరేగితే, దాన్ని ఆపడానికి 1995 నుంచి ఏటా జనవరిలో విమానాల మీంచి చేపపొడి అద్దిన టీకా పొట్లాలు చల్లుతున్నారు.

కొట్టినవాటిని ఏం చేస్తారో పోస్టరులో లేదు. ఇదివరకు తోళ్లకు గిరాకీ ఉండేది. కెనడా గూస్ అనే కంపెనీ తన చలికోట్ల టోపీ అంచుకు కయోటీ బొచ్చు వాడటం మానేస్తామని 2021లో ప్రకటించాక ధర పడిపోయింది. పైగా మన టెక్సస్ కయోటీది పల్చటి బొచ్చు, ఉత్తరాది వాటిలా ఉండదు. మరి నలభై కయోటీలు ఆదివారం బిర్యానీ తిన్నాక ఎక్కడికి పోతాయి? క్షమించాలి, బిర్యానీ కాదు, గారెలు. పోయిన శీతాకాలం ఒక కౌంటీ రోడ్డు వంతెన కింద పదకొండు చూశాను, కాళ్లు నీలం తాడుతో కలిపి కట్టి పడేశారు. ఎవరు పడేశారో తెలియదు. అన్నీ ఒకే రాత్రివని మాత్రం తెలుస్తూనే ఉంది. మా చిన్నది కారులో ఉంది, అది కిటికీ అద్దం దించి లెక్కపెట్టింది.

ఇప్పుడు నేను అడుగుతున్నది.

తేదీలు మార్చకండి. హాలు బుక్ చేశారు, వంటవాళ్లకు అడ్వాన్స్ ఇచ్చారు. పందెం, కప్పు, లెక్క, ఈ మూడూ తీసేయండి. కట్టిన డబ్బు ఎవరిది వాళ్లకు తిరిగి ఇచ్చేయండి.

నేను ఇప్పుడు వెళ్తున్న రాంచ్ కొమాంచీ కౌంటీలో ఉంది. రెండొందల మేకలు, జనవరి నెలాఖరు నుంచి ఈనడం మొదలు. ఉత్తరం వైపు చెరువు దగ్గర ఒక జంట తిరుగుతోందని యజమాని చెప్పాడు. దానికోసం ఆయన అడిగింది ఇద్దర్ని, మూడు పొద్దులకు. ఆ ఇద్దరూ ఎవరో చీటీలు వేసి తేల్చుకోండి, నేను వాళ్లలో ఉండను. మిగతావాళ్లకు ఆయన దగ్గర అంతకంటే పెద్ద పని ఉంది. దక్షిణం కంచె మైలు పొడవున అడుగు ఎత్తు తేలిపోయింది, కయోటీలు దూరేది దాని కిందనుంచే. పది, పన్నెండు మంది శనివారం ఒక పూట వంగితే ఆ సందులన్నీ మూసేయవచ్చు. తోలు గ్లవ్స్, ప్లయర్లు, కంచె కత్తెరలు ఉన్నవాళ్లు తెచ్చుకోండి. వైరు ఆయన ఇస్తాడు.

పిల్లల్ని ఆదివారం తెల్లవారుజామున తీసుకురండి. తుపాకులు ట్రక్కుల్లోనే తాళం వేసి ఉంటాయి. నా దగ్గర ఎనిమిది ఊదుడు పిలుపులున్నాయి, చెక్కవి, ఒక్కో పిల్లకు ఒక్కొక్కటి ఇస్తాను. జనవరి అంటే అవి జంటలు కట్టే కాలం, కూతకు తప్పకుండా బదులిస్తాయి. ముందు పిల్లలు కూస్తారు, సగం పిలుపులు బాతులా వినిపిస్తాయి, ఫర్వాలేదు. తర్వాత అందరం నోరు మూసుకుని కూర్చుని అవి ఎటునుంచి బదులిస్తాయో వింటాం. నా వంతు వచ్చినప్పుడు తాత కూత ప్రయత్నిస్తాను, నవ్వకండి.

గేటు దగ్గరికి ఐదుంబావుకల్లా రండి. లోపలికి వచ్చాక హెడ్‌లైట్లు తీసేసి పార్కింగ్ లైట్ల మీద నడపండి. అక్కడ ఈ మధ్యే కొత్త కాపలా కుక్క వచ్చింది, ఇంకా మనుషుల అలవాటు కాలేదు, యజమాని వచ్చి మన వాసన దానికి చూపించేదాకా ఎవరూ కిందకు దిగవద్దు. పిల్లలకు రెండేసి సాక్సులు వేయండి. పులుసుకు మసాలా మా ఇంట్లోనే నూరుతున్నాం, కోళ్ల సంగతి మీరు చూసుకోండి.

మీలో ఒకడు